ఒక చీర, మూడు మడతలు: తక్కువ ఖర్చుతో కుట్టుపని



ఈ వేళ మనం సూదీదారం గురించి నాలుగు మాటలు ముచ్చటించుకుందాం. కుట్టుపని అనగానే మీలో కొందరు "మిషను కొనే స్తోమత మాకెక్కడిది మాస్టారూ" అనుకుంటారు. మరికొందరు "ఇల్లు గడవడమే కష్టమైన రోజుల్లో సరదా పనులేమిటి" అనుకుంటారు. ఆ రెండు మాటలకూ నాకు తోచిన జవాబు చెప్పడానికే ఇలా మీ ముందుకు వచ్చాను. జవాబు నేను బి.ఇడి. కళాశాలలో నేర్చుకున్నది కాదు. ముంబయిలోని ఫోరస్ రోడ్ పక్కన, పది అడుగుల ఖోలీలో, మా అమ్మ దగ్గర నేర్చుకున్నది.

ఫోరస్ రోడ్ పేరు వినగానే కొందరు ముఖం చిట్లిస్తారు. కామాఠీపురా అంటే లోకానికి ఒకే సంగతి తెలుసు. కాని ఆ పేటకు ఆ పేరు పెట్టించింది మనవాళ్ళు. నిజాం రాజ్యం నుంచి, ఈ తెలంగాణ పల్లెల నుంచి బొంబాయికి కూలికి వెళ్ళి, రాళ్ళు మోసి, గోడలు కట్టిన తెలుగువారిని అక్కడ కామాఠీలు అన్నారు. వాళ్ళు గుడిసెలు వేసుకున్న చోటు కామాఠీపురా అయింది. 18వ శతాబ్దం చివర సముద్రపు గండిని పూడ్చి హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట వేసేవరకు ఆ ప్రాంతమంతా నీళ్ళు నిలిచే పల్లపు నేల. ఫోరస్ అనేది పోర్చుగీసువారి మాట నుంచి వచ్చింది. ఆ మాటకు బయట అని అర్థం. కోట బయట ఉప్పు నేలను బాగుచేసుకున్నవారు కట్టే శిస్తుకు ఆ పేరు వచ్చి, చివరకు రోడ్డుకూ అదే నిలిచింది. ఇప్పుడు ఆ రోడ్డుకు ఆర్.ఎస్. నిమ్‌కర్ మార్గ్ అని వేరే పేరుంది గాని, మా నోళ్ళలో అది ఫోరస్ రోడ్డే. అక్కడి వీధులకు పేర్లకంటే అంకెలే ఎక్కువ వాడుక. ఒకటో గల్లీ, రెండో గల్లీ అంటూ లెక్కపెట్టుకుంటూ పోవాలి. ఆ గల్లీలలో తెలుగు చాళ్ళున్నాయి. బతుకమ్మ ఆడతారు. మా ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, బడి దాటితే మరాఠీ. నేను రెండు భాషల మాస్టారునయ్యానంటే ఆ గల్లీ చలవే.

మా నాన్న బట్టల మిల్లులో పనిచేసేవారు. అక్కడ మిల్లును గిర్నీ అంటారు. 1982 జనవరి 18న బొంబాయి గిర్నీ కార్మికుల సమ్మె మొదలైంది. డాక్టర్ దత్తా సామంత్ నాయకత్వంలో దాదాపు రెండున్నర లక్షల మంది పని మానేశారు. ఆ సమ్మెను ముగిసిందని ఎవరూ గట్టిగా ప్రకటించలేదు, కాని ఎంతోమంది తిరిగి పనిలోకి పోనేలేదు. మా నాన్న కూడా పోలేదు. అప్పుడు నాకు ఆరేళ్ళు. నాన్న బజారులో బరువులు మోయడానికి వెళ్ళేవారు. అమ్మ ఒక కార్ఖానా నుంచి చొక్కాల మూట తెచ్చుకునేది. గుండీలు కుట్టడం, కాజాలు సరిచేయడం, మిగిలిపోయిన దారపు కొసలు కత్తిరించడం ఆమె పని. కూలి నగానికింత. నేను బడినుంచి వచ్చి గుండీలు లెక్కపెట్టి ఇచ్చేవాణ్ణి.

ఒక రాత్రి నేను అమ్మను అడిగాను, "నీకు కుట్టడమంటే ఇష్టమా అమ్మా" అని. ఆమె దారం పళ్ళతో తెంపుతూ, "ఇది కుట్టుడు గాదు బిడ్డా, కూలి" అన్నది. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు.

అర్థమైంది రెండు మూడేళ్ళ తరువాత. మా చాళ్ళకు నెలకోసారి నెత్తిన గంప పెట్టుకుని ఒకామె వచ్చేది. పాత బట్టలు తీసుకుని స్టీలు గిన్నెలు ఇచ్చేది. మీ ఊళ్ళలోనూ వస్తారు కదా. అమ్మ రెండు పాత నూలు చీరలు తీసి చేత పట్టుకుంది. గంపామె ఒక గిన్నె చూపించింది. అమ్మ చీరలవైపు చూసింది, గిన్నెవైపు చూసింది. చివరికి "ఇయ్య" అని లోపలికి వచ్చేసింది. ఆ దీపావళి మరునాటినుంచి, కార్ఖానా మూట పని అయిపోయాక, రోజూ కొంతసేపు ఆ చీరలు ముందు వేసుకుని కూర్చునేది. పైమాళ్ళ అవ్వ వచ్చి పక్కన కూర్చుని ఎట్లా వేయాలో చెప్పేది. సంక్రాంతికి ఒక బొంత తయారైంది. అది ఎవరికీ అమ్మడానికి కాదు. దాని మధ్యలో నాన్న గిర్నీ చొక్కా జేబు ఒకటి అతికి ఉంది. అలా ఎందుకు పెట్టిందో అమ్మ చెప్పలేదు, నాన్న అడగలేదు.

శ్రోతలారా, నేను చెప్పదలచిన మాట ఇదే. అదే సూది, అదే దారం, అదే చేయి. ఒకటి కూలి, రెండోది సరదా. ఇంగ్లీషులో హాబీ అంటాం. మరాఠీలో ఛంద్ అంటారు. తీరిక ఉన్నవాళ్ళకే సరదా అని మనం అనుకుంటాం గాని, తీరిక లేనివాళ్ళకే అది ఎక్కువ అవసరం. రోజంతా ఇతరుల కోసం కదిలిన చేయి ఒక అరగంట తన కోసం కదలాలి. దానికి డబ్బు పెద్దగా అక్కరలేదు. ఒక పద్ధతి కావాలి. ఆ పద్ధతి కూడా చిన్నదే: కొనడం చివర, కుట్టడం ముందు. చాలామంది దీన్ని తలక్రిందులు చేసి చిక్కుల్లో పడతారు.

మా గల్లీలోనే ఒక వదినె ఉండేది. కుట్టు నేర్చుకుంటానని వారం వాయిదాల మీద అప్పు చేసి కొత్త మిషను తెచ్చింది. నేర్పేవాళ్ళు లేరు, కుట్టడానికి గుడ్డ లేదు. దారం తెగితే ఎందుకు తెగిందో తెలియలేదు. మూడు నెలలకు ఆ మిషను మీద బట్ట కప్పి టీవీ పెట్టారు. వాయిదాలు మాత్రం రెండేళ్ళు కట్టారు. తప్పు ఆమెది కాదు, మిషనుదీ కాదు. వరుస తప్పింది, అంతే. కుట్టు మిషను పుట్టిన నాటినుంచి వాయిదాల మీదే పేదవారి ఇళ్ళకు చేరింది. అమెరికాలో సింగర్ కంపెనీ 1850లలోనే వాయిదాల పద్ధతి మొదలుపెట్టింది. యంత్రాల మీద అంతగా విమర్శ చేసిన గాంధీగారు సైతం 1924లో ఒక సంభాషణలో సింగర్ కుట్టు మిషనుకు మినహాయింపు ఇచ్చారు. నేను మిషనుకు వ్యతిరేకిని కాను. దాని వంతు వచ్చేదాకా ఆగమంటున్నాను.

కాబట్టి మొదట ఏమేమి కావాలో చూద్దాం. సూదుల పాకెట్టు ఒకటి. చేతి సూదులలో నెంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. మిషను సూదులకు ఇది తిరగబడుతుంది, అక్కడ నెంబరు పెరిగితే సూది లావు. అంగడిలో ఈ తేడా చెప్పి అడగండి. నూలు దారం రెండు రీళ్ళు, ఒకటి తెలుపు, ఒకటి ముదురు రంగు. ఒక కత్తెర. ఇంట్లో కాగితాలకు, కూరగాయలకు వాడేది కాకుండా గుడ్డకు మాత్రమే వాడేది ఉండాలి. కాగితం కోస్తే కత్తెర పదును పోతుంది. కొలతకు టేపు లేకపోతే పిల్లల స్కేలు చాలు. గీతకు అరిగిపోయిన సబ్బుముక్క. దారానికి పూయడానికి కొవ్వొత్తి ముక్క. మైనం పట్టిన దారం చిక్కుపడదు. పెట్టడానికి పాత బిస్కెట్ల డబ్బా. కత్తెర ఒక్కటి మినహా మిగతావన్నీ కలిపినా ఒక సినిమా టిక్కెట్టు ఖరీదు ఉండదు.

ఇక గుడ్డ. కొత్త గుడ్డ కొనకండి. ముంబయిలో దుస్తుల కార్ఖానాల దగ్గర మిగిలే గుడ్డ పీలికలను చిందీ అంటారు. ధారావిలో ఆ చిందీని ఏరి, రంగులవారీగా వేరుచేసి అమ్మడం పెద్ద వ్యాపారం. మన ఊళ్ళో చిందీ బజారు లేకపోవచ్చు. కాని ప్రతి ఊళ్ళోనూ ఒక దర్జీ ఉంటాడు. అతని బల్ల కింద గోతంలో ముక్కలుంటాయి. వెళ్ళి మర్యాదగా అడగండి. రవికె ముక్కలు, లంగా అంచులు చాలా మంది ఊరికే ఇస్తారు. వాటికంటే ముందు మీ పెట్టె అడుగు చూడండి. పాత నూలు చీర, పంచె, లుంగీ, పిల్లల బడి చొక్కాలు. గంపామెకు ఇచ్చేముందు ఒక్కసారి ఆలోచించమంటాను.

పాత గుడ్డకు ఒక పరీక్ష ఉంది. దాన్ని కిటికీకి అడ్డంగా ఎత్తి పట్టుకోండి. వెలుతురు జల్లెడలోంచి వచ్చినట్టు వచ్చే చోట గుడ్డ అరిగిపోయిందన్నమాట. రెండు బొటనవేళ్ళతో పట్టి కొంచెం లాగండి. పర్రుమంటే అది పైకి పనికిరాదు. పారేయకండి, బొంత లోపలి పొరకు పనికివస్తుంది. గట్టిగా ఉన్న చోటు పైకి. ఇంకొక మాట. నూలు నూలుతోనే కలపండి. నూలు గుడ్డ ఉతికితే కొంచెం కుంచించుకుపోతుంది, పాలిస్టరు పోదు. రెండూ పక్కపక్కన కుడితే మొదటి ఉతుకులోనే ముడతలు పడతాయి. అందుకే ఏ గుడ్డనైనా ముందు ఉతికి, ఎండబెట్టి, తరువాతే కత్తెర పట్టాలి.

కుట్లు నాలుగు వస్తే చాలు. సూది కిందికీ పైకీ పోతూ ముందుకు సాగేది పరుగు కుట్టు. ఒక అడుగు వెనక్కి వేసి రెండడుగులు ముందుకు పోయేది వెనక కుట్టు, ఇది అన్నింటికంటే గట్టిది. అంచు మడిచి పైకి కనబడకుండా చిన్న చిన్నగా పట్టేది హెమ్మింగు. పొరలు జరగకుండా తాత్కాలికంగా వేసి తరువాత లాగేసేది కచ్చా కుట్టు. దారం మూరెడున్నరకు మించి తీసుకోవద్దు. మళ్ళీ మళ్ళీ సూదిలోకి ఎక్కించే పని తప్పుతుందని కొత్తవారు బారెడు దారం తీసుకుంటారు. అది చిక్కుపడి, ముడి విప్పడానికే సగం పొద్దు పోతుంది.

మొదట కుట్టవలసినవి మూడే మూడు. ఒక సంచి, ఒక దిండు గలీబు, ఒక బొంత. ఈ వరుసలోనే కుట్టండి.

సంచికి పాత ప్యాంటు చాలు. ప్యాంటు కాలు పుట్టుకతోనే గొట్టం. రెండు పక్కల కుట్లు దర్జీ ముందే వేసి పెట్టాడు. మోకాలికి పైన అరగని చోటు చూసి 15 అంగుళాల పొడవు కోయండి. లోపలి వైపు బయటికి తిప్పి అడుగున వెనక కుట్టు రెండు వరుసలు వేయండి. పైన ఒక అంగుళం మడిచి హెమ్మింగు చేయండి. నడుము పట్టీని కోసి రెండు ముక్కలు చేస్తే అవే పిడులు. పిడి అతికే చోట నలుచదరంగా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తులా కుట్టండి. బరువు పడేది అక్కడే. రెండు సాయంత్రాల పని. మరునాడు ఆ సంచితో కూరగాయలకు వెళ్ళండి. తాను కుట్టిన సంచిలో ఉల్లిగడ్డలు తెచ్చుకున్న మనిషి కుట్టుపని ఇక వదలడు.

రెండోది గలీబు. మామూలు దిండు 17 అంగుళాల వెడల్పు, 27 అంగుళాల పొడవు ఉంటుంది. దానికి 19 అంగుళాల వెడల్పు, 62 అంగుళాల పొడవు గుడ్డ కావాలి. ముందు రెండు పొట్టి అంచులనూ ఒక్కో అంగుళం మడిచి కుట్టండి. ఇప్పుడు 60 మిగిలింది. గుడ్డ మంచి వైపు పైకి ఉండేటట్టు నేలమీద పరవండి. ఒక చివరను 27 అంగుళాలు మీదికి మడవండి. అవతల 6 అంగుళాల చెంగు మిగులుతుంది. దాన్ని కూడా ఈ మడత మీదికి మడవండి. రెండు పక్కలా అర అంగుళం వదిలి వెనక కుట్టు వేసి, తిరగేయండి. ఆ ఆరంగుళాల చెంగు లోపలికి వెళ్ళి దిండును జారకుండా పట్టుకుంటుంది. గుండీ లేదు, నాడా లేదు, జిప్పు లేదు. చీర పన్నా 45 అంగుళాలు కాబట్టి ఒక్కో 62 అంగుళాల ముక్కలో రెండేసి గలీబులు వస్తాయి. పక్కన మిగిలిన ఏడు అంగుళాల పట్టీని దాచండి. అది బొంతకు అంచవుతుంది.

మూడోది బొంత. ఇక్కడ చీర ఒక చిత్రం చూపిస్తుంది. మన చీర పొడవు అయిదున్నర మీటర్లు, అంటే 550 సెంటీమీటర్లు. ఒక మనిషి పడుకోవడానికి ఆరడుగులు కావాలి, అంటే 183 సెంటీమీటర్లు. 183ని మూడుతో గుణించండి, 549 వస్తుంది. అంటే ఒక చీరను సరిగ్గా మూడు మడతలు వేస్తే ఆరడుగుల బొంతకు మూడు పొరలు తయారు. కత్తెరతో పనే లేదు. మరాఠీ ఇళ్ళలోని తొమ్మిది గజాల నవ్వారీ అయితే నాలుగున్నర పొరలు వస్తాయి. చలికాలానికి రెండు చీరలు వేస్తే ఆరు పొరలు. అరిగిన చీర లోపల, గట్టి చీర బయట. పైన మీ ఇష్టం వచ్చినట్టు ముక్కలు అతుక్కోండి.

సరిహద్దు జిల్లాల్లో ఉన్నవారికి ఒక తమాషా చెప్పాలి. మరాఠీలో బొంతను గోధడీ అంటారు, కొన్ని చోట్ల వాకళ్ అంటారు. మా తరగతిలో ఒక పిల్లవాడు గోధడీ అంటే గొంగడి అని రాశాడు. వినడానికి దగ్గరగానే ఉన్నాయి. కాని గొంగడి గొర్రె బొచ్చుతో నేసేది, గోధడీ పాత గుడ్డలతో కుట్టేది. ఆ పిల్లవాడికి మార్కు తీసేయలేదు. రెండూ చలికే కదా.

పొరలను నేలమీద ముడతలు లేకుండా పరవండి. మధ్యనుంచి అంచులకు, జానెడు ఎడంగా కచ్చా కుట్టు వేయండి. అంచునుంచి మధ్యకు వేస్తే గుడ్డ అంతా మధ్యలో పోగుపడి ఉబ్బుతుంది. కచ్చా కుట్టు పడ్డాక పొరలు జరగవు. అప్పుడు పరుగు కుట్టును మీకు నచ్చిన దిక్కునుంచి మొదలుపెట్టవచ్చు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీలు అనే జాతివారున్నారు. ఆఫ్రికానుంచి వచ్చినవారి సంతతి. వాళ్ళ స్త్రీలు కుట్టే బొంతను కవందీ అంటారు. వాళ్ళు ఒక మూలనుంచి మొదలుపెట్టి అంచుల వెంట చుట్టూ తిరుగుతూ మధ్యకు చేరతారు. నాలుగు మూలలా మడిచిన చిన్న గుడ్డ త్రికోణాలు పెడతారు. వాటిని పువ్వులంటారు. అవి లేనిదే కవందీ పూర్తి కాలేదని వాళ్ళ భావన.

దారం ఎంత పడుతుందో లెక్క చెబుతాను. వరుసకూ వరుసకూ అంగుళం దూరం ఉంటే 45 అంగుళాల వెడల్పుకు 45 వరుసలు. ఒక్కో వరుస 72 అంగుళాలు. మొత్తం 3,240 అంగుళాలు, అంటే 82 మీటర్లు. కుట్టు కిందికీ పైకీ పోయే మిగులు, ముడులు కలిపితే నూరు మీటర్లు అనుకోండి. రెండు పోగులు చేసి కుడితే రెండు వందలు. నూరు మీటర్ల రీళ్ళు రెండు, కచ్చా కుట్టుకు ఇంకొకటి. మూడు రీళ్ళ ఖర్చుతో ఆరడుగుల బొంత. కాలం సంగతి చూస్తే, నా చేతికి ఒక వరుస ఇరవై నిమిషాలు పడుతుంది. 45 వరుసలకు పదిహేను గంటలు. రోజుకు అరగంట చొప్పున ఒక నెల. మా అమ్మకు దీపావళినుంచి సంక్రాంతి దాకా ఎందుకు పట్టిందో ఈ లెక్క వేసినప్పుడు నాకు తెలిసింది. ఆమెకు రోజుకు అరగంట కూడా దొరకలేదు.

ఈ పదిహేను గంటల లెక్క గుర్తుంచుకోండి. ఎందుకంటే మీ బొంత చూసి ఇరుగుపొరుగువారు "మాకూ ఒకటి కుట్టిపెట్టు అక్కా, గుడ్డ మేమే ఇస్తాం" అంటారు. గుడ్డ కాదు దాని ఖరీదు, పదిహేను గంటలు. మొహమాటానికి ఒప్పుకుంటే మీ సరదా మళ్ళీ కూలి అవుతుంది, అదీ కూలిడబ్బులు రాని కూలి. "రా వదినే, పక్కన కూర్చో, నేర్పిస్తా" అనండి. పైమాళ్ళ అవ్వ మా అమ్మకు చేసింది అదే. ఆమె ఒక్క కుట్టు కూడా తాను వేయలేదు. అమ్ముకోవాలని మీకు నిజంగా ఉంటే సంతోషంగా అమ్మండి. కాని అప్పుడు గంటలు లెక్కకట్టి ధర చెప్పండి. అమ్మేది వేరు, మీ కోసం కుట్టుకునేది వేరు. రెండింటికీ రెండు డబ్బాలు పెట్టుకోండి.

ఇలాంటి పాత గుడ్డల పనికి విలువేముంది అనేవారికి ఒక సంగతి. అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లె ఉంది. బానిసల సంతతివారైన నల్లజాతి స్త్రీలు అక్కడ పొలం పనికి వేసుకుని అరిగిపోయిన ప్యాంట్లు, చొక్కాలు చించి, చలికి తట్టుకోవడానికి బొంతలు కుట్టుకునేవారు. 2002లో హ్యూస్టన్ నగరంలోని లలితకళల మ్యూజియంలో ఆ బొంతలను గోడలకు వేలాడదీసి ప్రదర్శించారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో బిళ్ళలు వేసింది. జపానులో పేద రైతులు అతుకు మీద అతుకు వేసి తరతరాలు వాడిన బట్టలను బోరో అంటారు. అవి కూడా ఇప్పుడు మ్యూజియాలలో ఉన్నాయి. మన బొంత మ్యూజియానికి పోనక్కరలేదు. కాని దాన్ని చూసి సిగ్గుపడనక్కర కూడా లేదు.

ఇక మగవారితో ఒక మాట. నేను సూది పట్టుకుంటే బడిలో మొదట నవ్వారు. దర్జీ మగవాడే, గిర్నీలో సాంచా నడిపి తెగిన పోగును ముడివేసినవారిలో ఎక్కువమంది మగవారే. డబ్బు వస్తే మగవాడి పని, రాకపోతే ఆడవారి పని అనడం న్యాయమేనా? శనివారం మధ్యాహ్నం మా పిల్లలకు, ఆడపిల్లలకూ మగపిల్లలకూ కలిపే, గుండీ కుట్టడం, మాసిక వేయడం నేర్పిస్తాను. గుండీ ఊడిందని బడి మానేసే పిల్లవాడు ఇప్పుడు మా తరగతిలో లేడు.

ఈ మూడూ పూర్తి చేశాక, ఇంకా కుట్టాలని చేయి దురద పెడుతుంటే, అప్పుడు మిషను మాట ఎత్తండి. అప్పుడు కూడా కొత్తది వద్దు. కాలితో తొక్కే పాత మిషను చూడండి. ముంబయిలో మాకు చోర్ బజార్ నడక దూరంలోనే ఉండేది. మీకు దగ్గరలోని మిషను రిపేరు అంగడి ఉంటుంది. కొనేముందు మీ గుడ్డముక్క మీరు తీసుకుపోండి. చక్రం చేత్తో తిప్పితే బిగుసుకోకుండా తిరగాలి. రెండు పొరల గుడ్డ మీద ఒక జానెడు కుట్టి, తిరగేసి చూడండి. పైనా కిందా కుట్టు ఒకే తీరుగా ఉండాలి. కింద దారం ఉచ్చులుగా వస్తుంటే కంగారు పడకండి. పై దారం సరిగా ఎక్కించారో లేదో, దాని బిగువు చాలిందో లేదో చూడమనండి. అది చాలావరకు మరమ్మతు కూడా అక్కరలేని లోపం. మామూలు నూలు గుడ్డకు 14వ నెంబరు సూది, ప్యాంటు గుడ్డకు 16. సూది మొద్దుబారితే గుడ్డ పోగులు లాగుతుంది. మిషను మార్చే ముందు సూది మార్చి చూడండి. నలుగురు అక్కచెల్లెళ్ళు కలిసి ఒక మిషను కొనుక్కుని వారానికి రోజులు పంచుకుంటే ఇంకా మేలు. అప్పు చేసి మాత్రం కొనవద్దు. సరదా కోసం చేసిన అప్పు సరదాను తినేస్తుంది.

దుప్పటి ఎంత ఉంటే అంతే కాళ్ళు చాపుకోమని మన పెద్దలు చెప్పారు. మంచి మాటే. ఖర్చు విషయంలో నేనూ అదే పాటిస్తాను. కాని బొంత కుట్టడం తెలిసినవాడికి ఇంకొక దారి కూడా ఉంది. కాళ్ళ దగ్గర చాలకపోతే జానెడు అతుకు వేసుకుంటాడు.

మా అమ్మ కుట్టిన బొంత ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఫోరస్ రోడ్ ఖోలీ ఖాళీ చేసి ఈ వైపు వచ్చేటప్పుడు స్టీలు గిన్నెలన్నీ ఆ బొంతలోనే మూటకట్టి తెచ్చాము. గిన్నెలు చాలావరకు సొట్టలు పడి పోయాయి. బొంతకు ఇప్పటిదాకా నేను పదకొండు మాసికలు వేశాను. నాన్న చొక్కా జేబు చుట్టూ కుట్టు ఊడితే, అమ్మ వేసిన రంధ్రాలలోంచే సూది పోనిచ్చి మళ్ళీ కుట్టాను.

ఈ ఆదివారం మీ పెట్టె అడుగున ఉన్న పాత చీరను తీసి, మూడు మడతలు వేసి, నేలమీద పరిచి చూడండి. ఆ రోజుకు అంతే చాలు.